ఉత్తరాంధ్ర తొలి తరం డాక్టరమ్మలు: ఆసుపత్రికీ ఇంటికీ పెద్దదిక్కు ఎలా అయ్యారు?

క్లుప్తంగా: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో మొదటి తరం మహిళా డాక్టర్ల జీవితాలను చాలావరకు "జిల్లాలో తొలి లేడీ డాక్టరు" అనే ఒక్క వాక్యంతో ముగిస్తున్నారు. ఆ వాక్యం నిజమో కాదో తేల్చడం కష్టం. తేలినా దాని వల్ల తెలిసేది తక్కువ. ఘోషా (పరదా పాటించే స్త్రీల) ఆసుపత్రులు, రైలు మార్గం, విశాఖ వైద్య కళాశాల, ఇంట్లో పిల్లల్ని చూసుకున్న ఆడవాళ్లు కలిస్తేనే ఒక డాక్టరమ్మ సాధ్యమైంది. ఆమె జీతం, ఆమె మాట కలిసి తర్వాతి తరాన్ని నిలబెట్టాయి. ఈ వ్యాసం ఆ క్రమాన్ని వివరిస్తుంది.

ఏ డాక్టరమ్మ శతజయంతో వర్ధంతో వచ్చినప్పుడు కుటుంబ సభ్యులు ఒక పాత ఫొటో బయటికి తీస్తారు. తెల్ల చీర, మెడలో స్టెతస్కోపు, పక్కన ఇద్దరు నర్సులు. కింద "జిల్లాలో మొట్టమొదటి మహిళా డాక్టరు" అని రాస్తారు. కొద్ది రోజులకే ఇంకో కుటుంబం అదే మాట తమ మామ్మ గురించి చెబుతుంది. చదివేవాళ్లకు ఎవరిది నిజమో అర్థం కాదు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. తేడా అంతా ఏ చదువును లెక్కలోకి తీసుకున్నారు, జిల్లా అంటే ఏ సరిహద్దు అనుకున్నారు అన్నదానిలో ఉంది.

ఎవరు ముందు అన్న చిక్కు

బ్రిటిష్ కాలంలో డాక్టరు కావడానికి ఒకటే దారి లేదు. మెడికల్ స్కూల్లో చదివితే ఎల్‌ఎంపీ. అది లైసెన్సు కోర్సు, కాలేజీ డిగ్రీ కంటే తక్కువ స్థాయిది. కాలేజీలో చదివితే మొదట్లో ఎల్‌ఎంఎస్ లేదా ఎంబీసీఎం, తర్వాత ఎంబీబీఎస్. జిల్లా బోర్డు ఆసుపత్రుల్లో, ఊళ్లలో ప్రాక్టీసు పెట్టినవాళ్లలో ఎల్‌ఎంపీలు చాలామందే. దేశం మొత్తానికి ఒకే స్థాయి డాక్టరు ఉండాలని 1946లో, ఆరోగ్య వ్యవస్థ మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ సిఫారసు చేసింది. క్రమంగా లైసెన్సు కోర్సు కనుమరుగైంది. దాంతోపాటు ఎల్‌ఎంపీ చదివిన మహిళల పేర్లు కూడా జ్ఞాపకంలో వెనక్కి వెళ్లాయి. ఒక ఇంట్లో "తొలి డాక్టరు" అంటే ఎల్‌ఎంపీ, ఇంకో ఇంట్లో ఎంబీబీఎస్. వాళ్లిద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి పోటీ పెట్టడం న్యాయం కాదు.

సరిహద్దుల చిక్కు ఇంకోటి. 1936లో ఒడిశా ఏర్పడే దాకా శ్రీకాకుళం, అంటే అప్పటి చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, పార్వతీపురం మన్యం 2022లో. ఒకే డాక్టరమ్మ ఊరు కదలకుండానే మూడు జిల్లాల్లో పనిచేసిన లెక్క వస్తుంది.

పేర్ల గందరగోళం కూడా ఉంది. తెలుగులో ఇద్దరు అచ్చమాంబలున్నారు. భండారు అచ్చమాంబ (1874–1905) రచయిత్రి, స్త్రీల జీవిత చరిత్రలు రాసిన తొలితరం మనిషి. కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావుకు మొదటి ఆమె అక్క, రెండో ఆమె కూతురు. ఇంత ప్రముఖ కుటుంబంలోనే మేనత్తనూ మేనకోడలినీ ఒకరనుకునే పొరపాటు జరుగుతోందంటే, ఒక చిన్న పట్నంలో ఇంటి పేరు మారిన డాక్టరమ్మను కాగితాల్లో వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

1034 పెళ్లిళ్ల లెక్క

ఆడ డాక్టరు అవసరం ఎందుకు అంతగా వచ్చిందో తెలియాలంటే విజయనగరంలోనే ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తయారైంది. గురజాడ అప్పారావు 1897లో తన 'కన్యాశుల్కం' నాటకానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో దాన్ని ప్రస్తావించారు. నమోదైన పెళ్లిళ్లు 1034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు.

సంస్కర్తలు ఈ లెక్కను కన్యాశుల్కం మీద ఆయుధంగా వాడారు. వైద్యం వైపు నుంచి చూస్తే దీని అర్థం ఇంకోటి కూడా. పెళ్లి ఐదేళ్లకైతే కాపురం పదమూడు, పద్నాలుగేళ్లకు మొదలవుతుంది. ఆ వయసులో కటి ఎముకల ఎదుగుదల పూర్తి కాదు. బిడ్డ తల ఆ దారిలో పట్టదు. నొప్పులు రెండు రోజులు, మూడు రోజులు సాగుతాయి. గర్భసంచి చిట్లిపోతుంది, లేదా తల్లి అలసటతో, జ్వరంతో పోతుంది. బతికి బయటపడినా మూత్రాశయానికి రంధ్రం పడి జీవితాంతం మూత్రం కారుతూనే ఉండే బాధ మిగులుతుంది. అలాంటి పిల్లను మగ డాక్టరు ముట్టుకోవడానికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. ప్రాణం మీదికి వచ్చాక కబురు పెట్టినా, గడప బయట నిలబెట్టి లక్షణాలు చెప్పి మందు అడిగిన ఇళ్లున్నాయి.

1875లో మద్రాసు మెడికల్ కాలేజీ నలుగురు మహిళలను చేర్చుకుంది. వాళ్లలో మేరీ షార్లీబ్ ఒకరు. మద్రాసులో స్త్రీల ప్రసవ బాధలు చూసి చదువు మొదలుపెట్టిన ఆమె, లండన్‌లో పైచదువు చదివి తిరిగొచ్చి 1885లో ఘోషా ఆసుపత్రికి పునాది వేశారు. ఆ ఆసుపత్రి భవనానికి వెంకటగిరి రాజా లక్ష రూపాయలిచ్చారు. అదే 1885లో డఫ్రిన్ ఫండ్ మొదలైంది. దేశమంతటా స్త్రీలకు స్త్రీలే వైద్యం చేసే ఏర్పాటు దాని ఉద్దేశం. పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్లు మగవాళ్ల కంట పడకుండా చూపించుకునే ఇలాంటి ఆసుపత్రులు పట్నం పట్నంలో వచ్చాయి. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని, విజయనగరంలో కంటోన్మెంట్ దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిని ఇప్పటికీ జనం ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. శ్రీకాకుళం, సోంపేట వైపు కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రులు నడిపింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఆడవాళ్లను ఇంట్లో బంధించిన ఆచారమే, ఆడ డాక్టరు కావాలన్న డిమాండును పుట్టించింది. పరదా పాటించని సమాజంలో మగ డాక్టరుతోనే పని జరిగిపోయేది, అమ్మాయిల చదువు ఇంకో తరం ఆలస్యమయ్యేది. ఆంక్షను గౌరవిస్తూనే దాన్ని లోపలినుంచి తొలగించిన పని ఈ డాక్టర్లది.

మద్రాసు దూరం, విశాఖ దగ్గర

1882లో అబలా దాస్, తర్వాతి రోజుల్లో అబలా బోస్, కలకత్తా కాలేజీ అమ్మాయిలను చేర్చుకోనందున బెంగాల్ నుంచి మద్రాసు వచ్చి చదివారు. ఆరోగ్యం బాగోలేక పూర్తి చేయలేకపోయారు. కలకత్తా మరుసటి ఏడాది తలుపు తెరిచింది. 1886లో కాదంబినీ గంగూలీ, ఆనందీబాయి జోషీ పేర్లు డాక్టర్లుగా దేశమంతా తెలిశాయి. మద్రాసులో ముత్తులక్ష్మీ రెడ్డి 1912లో ఎంబీసీఎం పూర్తి చేశారు.

ఈ పేర్లన్నీ రాజధాని నగరాలవే. చికాకోల్‌లో ఒక అమ్మాయికి మద్రాసు అంటే అప్పట్లో వేరే దేశం లాంటిదే. తూర్పు తీరం వెంట బెజవాడ నుంచి కటక్ వైపు రైలు మార్గం 1893, 1896 మధ్య పడింది. రైలు వచ్చినా శ్రీకాకుళం పట్నానికి స్టేషన్ లేదు. ఆమదాలవలసలో దిగి బండి కట్టుకోవాలి. మద్రాసులో ఉండటానికి చోటు, వంట, తోడు, ఫీజు ఇవన్నీ ఒక రైతు కుటుంబానికో గుమాస్తా కుటుంబానికో మోయలేని బరువు. అందుకే మొదట్లో చదివినవాళ్లలో క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు, సంస్కర్తల ఇళ్ల పిల్లలు, చిన్ననాడే భర్త పోయి చదువులో పడ్డవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. వాళ్ల వెనక హాస్టల్ నడిపే సంస్థో, స్కాలర్‌షిప్పో, తండ్రి పట్టుదలో ఉండేది. వెల్లూరులో 1918లో మిషనరీ డాక్టరు ఇడా స్కడర్ స్త్రీల కోసమే ఎల్‌ఎంపీ స్కూలు తెరవడం చాలామంది తెలుగు అమ్మాయిలకు కలిసొచ్చింది. తండ్రులకు టెన్షన్ తగ్గించిన విషయం ఒకటే: అక్కడ చదివేవాళ్లందరూ ఆడపిల్లలే.

ఉత్తరాంధ్రకు అసలైన మలుపు 1923. విశాఖలో అంతకుముందే ఉన్న మెడికల్ స్కూలు ఆ ఏడాది కాలేజీ అయింది. 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీ అని పేరు మారింది. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద చిల్లర. శని, ఆదివారాల్లో ఇంటికి వచ్చి వెళ్లొచ్చు. బంధువుల ఇంట్లో ఉంచొచ్చు. "మా అమ్మాయి మెడిసిన్ చదువుతోంది" అని చెప్పుకునే ధైర్యం మామూలు కుటుంబాలకు వచ్చింది ఈ దూరం తగ్గడం వల్లే. వ్యక్తి ప్రతిభను తక్కువ చేయడం కాదు, ప్రతిభ ఉన్న అమ్మాయిలు అంతకుముందూ ఉన్నారు. వాళ్లకు కాలేజీ అందలేదు.

పురిటి గదిలో ఏం మారింది

ఆ రోజుల్లో పురుడు ఇంట్లో గాలీ వెలుతురూ తక్కువగా ఉండే చివరి గదిలో పోసేవారు. మంత్రసాని వచ్చేది. ఆమె అనుభవం తక్కువది కాదు. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పగలిగిన మంత్రసానులు ఉండేవారు. ప్రమాదం చేతుల్లో, కత్తిలో ఉండేది. బొడ్డు కోయడానికి కొడవలో, వెదురు బద్దో వాడి, పుండు మీద బూడిదో పేడో అద్దితే ధనుర్వాతం క్రిములు లోపలికి వెళ్లేవి. వారం తిరక్కుండానే బిడ్డ పాలు పట్టడం మానేసి, దవడ బిగుసుకుపోయి, విల్లులా వంగి చనిపోయేది. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో అనుకునేవారు. తల్లికి మూడో రోజో నాలుగో రోజో చలి జ్వరం వస్తే బాలింత జ్వరం అనేవారు. అది కూడా శుభ్రం లేని చేతుల నుంచి గర్భసంచిలోకి పోయిన క్రిముల పనే.

డాక్టరమ్మ ఆ గదిలోకి వచ్చి ముందు చేసేది మందు ఇవ్వడం కాదు. నీళ్లు మరిగించమనేది. కత్తెర, దారం ఆ నీళ్లలో వేయించేది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. తర్వాత సంచిలోంచి చిన్న గరాటు లాంటి చెక్క గొట్టం తీసి, వెడల్పు వైపు తల్లి పొట్ట మీద ఆనించి, రెండో వైపు చెవి పెట్టి, ఒక చేత్తో గడియారం పట్టుకుని బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టేది. నిమిషానికి 120 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంటే ఆగొచ్చు. బాగా తగ్గిపోతుంటే ఆగడానికి వీల్లేదు. ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి లాగే పటకారు) వేయాలా, బండి కట్టించి ఆసుపత్రికి పంపాలా అన్న నిర్ణయం ఆ చప్పుడు మీద ఆధారపడేది. చుట్టూ అరడజను మంది ఆడవాళ్లు ఏడుస్తూ మొక్కులు మొక్కుతుంటే, లాంతరు వెలుగులో ఆ లెక్క తప్పకుండా పెట్టడమే ఆమె చదువు. మాయ పడ్డాక రక్తం ఆగకపోతే గర్భసంచిని పొట్ట మీద నుంచి గట్టిగా మర్దనా చేస్తూ ఎర్గాట్ మందు ఇచ్చేవారు. రక్తస్రావంతో తల్లులు ఎక్కువగా పోయేది ఆ గంటలోనే.

"ఆవిడ హస్తవాసి మంచిది" అని ఊళ్లు చెప్పుకున్నదాంట్లో సగం ఈ శుభ్రత ఫలితం. మిగతా సగం 1930ల చివరి నుంచి వచ్చిన సల్ఫా మందులు, 1940ల తర్వాత పెన్సిలిన్. తొలితరం డాక్టరమ్మల్లో చాలామంది ఈ రెండు కాలాలనూ చూశారు. బాలింత జ్వరం వస్తే తడిగుడ్డలు వేసి దేవుణ్ని నమ్ముకున్న రోజుల నుంచి, సూది వేసి రెండు రోజుల్లో జ్వరం దిగడం చూసిన రోజుల దాకా ఒకే మనిషి పనిచేసింది.

ఫీజు ఇవ్వలేనివాళ్లు ఇచ్చింది ఇచ్చారు. ఉద్దానం వైపు నుంచి పనసకాయ, పలాస జీడిపప్పు, నాగావళి ఒడ్డు నుంచి కూరగాయలు, కొత్త బియ్యం. పాత ఇళ్లలో ఆ కథలు ఇప్పటికీ చెబుతారు. వాటిని మంచితనంగా మాత్రమే చూస్తే ఒక విషయం తప్పిపోతుంది. పంట చేతికొచ్చేదాకా నగదు కనపడని పల్లెల్లో అంతకుమించి కుదిరే ఏర్పాటు లేదు. ప్రసవం పంట కాలం చూసుకుని రాదు కదా.

నెల జీతం ఉన్న ఇంటి పెద్ద

మామూలుగా ఒక ఇంట్లో ఆడమనిషికి పెద్దరికం వయసుతో, కొడుకులతో వస్తుంది. కోడళ్లు వచ్చాక, తాళంచెవులు నడుముకు చేరాక ఆమె మాట చెల్లుతుంది. డాక్టరమ్మకు పెద్దరికం ముప్పై ఏళ్లకే వచ్చింది. దానికి కారణాలు రెండు.

మొదటిది నగదు. భూమి మీద బతికే ఉమ్మడి కుటుంబాల్లో డబ్బు ఏడాదికోసారి కనిపించేది, వాన తప్పితే అదీ లేదు. సర్కారు ఆసుపత్రి జీతం నెల తిరిగేసరికి వచ్చేది. తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్లి, తండ్రి అప్పు వాయిదా ఆ జీతంలోంచే కట్టేవారు. పల్లెలో హైస్కూలు లేని రోజుల్లో అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు పట్నంలో ఆమె ఇంట్లో ఉండి చదువుకున్నారు. వరండా రోగులకు, వెనక వసారా పిల్లలకు. ఇప్పుడు ఒక కుటుంబంలో ఇంజనీర్లు, టీచర్లు, డాక్టర్లు వరుసగా కనిపిస్తే, వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు అలాంటి ఒక ఇంటి వసారా కనిపిస్తుంది.

రెండోది జ్ఞానం ఇచ్చిన అధికారం. ఇంట్లో అమ్మాయికి పెళ్లి ఎప్పుడు చేయాలి, మొదటి పురుడు పుట్టింట్లోనా ఆసుపత్రిలోనా, పిల్లలకు టీకా వేయించాలా వద్దా, కానుపుకీ కానుపుకీ ఎంత ఎడం ఉండాలి, ఇవన్నీ అంతకుముందు మామ్మలూ మగపెద్దలూ తేల్చిన విషయాలు. "డాక్టరు అత్త వద్దంది" అన్న ఒక్క మాటతో పెళ్లి రెండేళ్లు వాయిదా పడిన ఇళ్లున్నాయి. అమ్మాయిల పెళ్లి వయసు 14 అని శారదా చట్టం 1929లో చెప్పినా, ఇంట్లో దాన్ని అమలు చేయించింది పోలీసు కాదు, ఇలాంటి ఒక అత్తో పెద్దమ్మో.

ముత్తులక్ష్మీ రెడ్డి జీవితంతో పోలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆమె 1927లో మద్రాసు శాసనమండలికి వెళ్లారు. ఆశ్రయం లేని అమ్మాయిలను ముందు తన ఇంట్లోనే పెట్టుకున్నారు, ఆ ఇల్లు తర్వాత అవ్వై హోమ్ అయింది. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన దుఃఖం 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌గా మారింది. ఇంటికీ సంస్థకూ మధ్య గోడ లేని జీవితం అది. శ్రీకాకుళం, విజయనగరం డాక్టరమ్మలకు శాసనమండలి లేదు, సంస్థ కట్టే స్థోమత లేదు. వాళ్లు చేసింది ఇల్లు దాటి సంస్థ రూపం తీసుకోలేదు కాబట్టి చరిత్రలోకి ఎక్కలేదు.

ఆమె వెనక ఉన్న ఆడవాళ్లు

స్మృతి వ్యాసాల్లో అరుదుగా కనిపించే భాగం ఇది. రాత్రి రెండింటికి బండి వచ్చి డాక్టరమ్మను తీసుకుపోతే, ఆమె చంటిబిడ్డకు పాలు పట్టింది ఎవరు? చాలా ఇళ్లలో ఆమె తల్లి. కొన్ని ఇళ్లలో భర్త పోయి పుట్టింటికి చేరిన అక్క. పొద్దున్నే పదిమంది చదువుకునే పిల్లలకు చద్దన్నం కలిపి, సాయంత్రం వాళ్లకు దీపాలు తుడిచిపెట్టిన మనిషికి జీతం లేదు, ఫొటోలో చోటు లేదు. ఆసుపత్రిలో కూడా అంతే. నెత్తుటి బట్టలు ఉతికిన ఆయా, కాన్పు గదిలో రాత్రంతా కూర్చున్న నర్సు, ఊళ్లో నొప్పులు ముదరకముందే కబురు తెచ్చిన మంత్రసాని లేకపోతే డాక్టరమ్మ సగం చేతులతో పనిచేసినట్టే.

ఈ మాట డాక్టరమ్మ గొప్పతనాన్ని తగ్గించదు. ఒక స్త్రీ పైకి రావడానికి ఎంతమంది స్త్రీల పని కావాల్సి వచ్చిందో చెబుతుంది. ఈ రోజు యువ మహిళా డాక్టర్లు పీజీ చదువు, నైట్ డ్యూటీ, పసిబిడ్డ మధ్య నలిగిపోతున్నప్పుడు, "ఆ కాలంలో మామ్మ అన్నీ ఒంటి చేత్తో చేసింది" అని పోల్చడం అన్యాయం. మామ్మ ఒంటి చేత్తో చేయలేదు.

లెక్కల్లో తేడా, మిగిలిన దూరం

1946 నాటి భోర్ కమిటీ అంచనా ప్రకారం దేశంలో వెయ్యి కాన్పులకు ఇరవై మంది తల్లులు చనిపోయేవారు. లక్షకు 2000 అన్నమాట. 2018–20 నమోదు వివరాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అది లక్షకు 45. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96 శాతం దాటాయి. శ్రీకాకుళంలో 2008లో, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అమ్మాయి మెడిసిన్ చదవాలంటే విశాఖ కూడా వెళ్లక్కర్లేదు.

అయితే అదే సర్వేలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 1034 పెళ్లిళ్ల జాబితా నాటి వయసులు పోయాయి, చిన్నవయసు కాన్పు సమస్య పోలేదు. కాన్పుల్లో ఆపరేషన్లు 42 శాతం పైన ఉండటం ఇంకో రకం ప్రశ్న. ఒకప్పుడు ఆపరేషన్ అందక చనిపోయారు, ఇప్పుడు అవసరం లేనివాళ్లకూ కోత పడుతోందా అన్నది ఆలోచించాల్సిన విషయం. సాలూరు, పార్వతీపురం కొండల మీద నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చే వార్తలు ఆగలేదు. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులకు నెలలు నిండే ముందే వచ్చి ఉండేందుకు వసతి గృహం పెట్టడం ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నమే. రైలు, కాలేజీ ఒకప్పుడు మైదానానికి చేసిన పనిని కొండకు రోడ్డు చేయాలి.

కాగితాల్లో వెతకడం ఎలా

కుటుంబాలు ఇలాంటి జీవితాన్ని రాయాలనుకుంటే ఆధారాలు అనుకున్నదానికంటే ఎక్కువే దొరకొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1914 చట్టం తర్వాత డాక్టర్లు రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆ రిజిస్టర్లలో పేరు, అర్హత, నమోదైన ఏడాది ఉంటాయి. పెళ్లికి ముందు ఇంటి పేరుతోనూ, తర్వాతి ఇంటి పేరుతోనూ, ఇంగ్లీషు స్పెల్లింగ్ రకరకాలుగా మార్చి వెతకాలి. ఆ కాలపు గెజిట్లలో బదిలీలు దొరుకుతాయి. ఇంట్లో మందుల చీటీలు, ఇత్తడి నేమ్‌ప్లేటు, కాలేజీ గ్రూపు ఫొటో వెనక రాసిన పేర్లు కూడా పనికొస్తాయి. ఆ ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లల్లో ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు ఉంటారు. వాళ్లను ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారు, వంట ఎవరు చేసేవారు, ఫీజు ఎవరు కట్టేవారు, రాత్రి కబురొస్తే తలుపు ఎవరు తీసేవారు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు పేర్లతో సహా రాసి పెట్టుకోవడం ఈ ఏడాదే చేయాల్సిన పని. ఆయా పేరు, మంత్రసాని పేరు కూడా అదే కాగితంలో ఉండాలి.